ఒకే బాకీ, రెండు కిటికీలు

ఫిబ్రవరి 6

గండుచీమకు,

నేను క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం పద్ధతి. మూడు తాళాల వెనక, ఇద్దరు కాపలాదార్ల మధ్య పడుకునేవాడు క్షేమంగా కాక ఇంకెలా ఉంటాడు? ఇంత భద్రత బ్యాంకు లాకర్లో నగలకు కూడా ఉండదు. కాబట్టి ఆ వాక్యం వదిలేసి విషయంలోకి వస్తాను.

విషయం ఏమిటంటే, ఏమీ లేదు. నువ్వు పంపిన రెండు వేలు ఒకటో తారీకుకే అందాయి. క్యాంటీన్లో సబ్బు, టీపొడి, బిస్కెట్లు కొన్నాను. దొరబాబులా ఉన్నాను. ఈ మాట ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఇక్కడ అయిదు నిమిషాల ఫోనుకి కోసే డబ్బుతో పది ఉత్తరాలు వేయొచ్చు. పైగా అయిదు నిమిషాల్లో నేను దగ్గి గొంతు సవరించుకోవడం కూడా పూర్తికాదని నీకు తెలుసు.

పని బాగానే ఉంది. బడిపిల్లల బెంచీలకు బోల్టులు బిగిస్తున్నాను. రోజుకి అరవై. నలభై ఏళ్లు లిఫ్టులు బాగుచేసినవాడికి బెంచీ ఒక లెక్కా అంటావు. లెక్కే. బెంచీ పైకీ కిందికీ పోదు, ఎవరినీ పడేయదు. ఈ వయసులో నాకు తగిన యంత్రం.

అన్నట్టు, ఈ ఉత్తరం నీకన్నా ముందు ఇక్కడ ఒక గుమస్తాగారు చదువుతారు. ఆయనకీ నమస్కారాలు. నా దస్తూరీ వల్ల ఆయన కళ్లద్దాల పవరు పెరిగిందని విన్నాను, చింతిస్తున్నాను.

శిక్ష పడిన రోజు కోర్టు వరండాలో నీ చేత ఒట్టు వేయించుకున్నాను, మరిచిపోలేదు కదా? లిఫ్టు తాడు జారి హాస్టలు వంట మాస్టారి కాలు రెండు చోట్ల విరిగింది. లిఫ్టు భేషుగ్గా ఉందని చీటీ మీద సంతకం పెట్టింది నేను. ఆయనకు ఇమ్మన్న అరవై వేల పరిహారం నా బాకీ. డిసెంబరు పదికి నా రెండేళ్లు పూర్తవుతాయి. అప్పటికి బాకీ తీరకపోతే ఇంకో ఎనిమిది నెలలు ఇక్కడే. దాని సంగతి నేను చూసుకుంటున్నాను. నువ్వు అందులో ఒక్క పైసా వేలుపెట్టినా నాకు మేనకోడలివి కావు.

మీ అమ్మకు తమ్ముణ్ణి, నీకు మేనమామను, సర్కారువారికి నంబరు 718

*

ఫిబ్రవరి 20

మామయ్యా,

నీ ఉత్తరం చేరింది. గుమస్తాగారు చదివి పంపినట్టే ఉంది, నాలుగో లైను మీద టీ మరక ఉంది. నీది కాదని నాకు తెలుసు, టీ ఒలకబోసే రకం కాదు నువ్వు.

మన రిపేరు షెడ్డు నడుస్తోంది. ఈ నెల ఆరు లిఫ్టులు చూశాను. ఒక అపార్టుమెంటు వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూసి, "మెకానిక్కు ఎప్పుడొస్తాడమ్మా?" అన్నాడు. "వచ్చి అరగంటయింది, నీతోనే మాట్లాడుతున్నాడు" అన్నాను. ఆ తర్వాత టీ తెప్పించాడులే.

ఒట్టు గుర్తుంది. నేనేం వేలుపెట్టడం లేదు. నువ్వు వేళకి తిను. బిస్కెట్లు పక్కవాళ్లకి పంచేయకు. నువ్వు పంచేస్తావు, నాకు తెలుసు.

గండుచీమ

*

మార్చి 15

గండుచీమకు,

పంచను. పంచడానికి మిగిలితే కదా, నేనే తినేస్తున్నాను. బొజ్జ వచ్చిందంటే నమ్ముతావా?

ఇక్కడి గ్రంథాలయంలో న్యాయశాస్త్రం పుస్తకం ఒకటి దొరికింది. నేను బడికి వెళ్లింది నాలుగో తరగతి దాకా. మిగతా చదువంతా లిఫ్టుల కంపెనీ కేటలాగుల్లోనూ, పొట్లాలు కట్టిన పేపర్లలోనూ. కాబట్టి చిరిగిన పుస్తకం నాకు కొత్తేమీ కాదు. పొట్లం కాగితం మీద సగం హత్య చదివి, మిగతా సగం కోసం బఠాణీల కొట్టువాడి చుట్టూ వారంపాటు తిరిగినవాణ్ణి. ఈ పుస్తకంలో "బాకీ కొంత చెల్లించినచో" అని ఒక వాక్యం మొదలైంది. తర్వాతి పేజీ ఎవరో బీడీ చుట్టుకోవడానికి చింపుకుపోయారు. ఏముంటుందిలే, కొంత చెల్లించినచో జైలు కూడా కొంతే అనుభవించవలెను అని ఉంటుంది. న్యాయం అన్నాక అంతమాత్రం లెక్క ఉండదా?

నువ్వు పంపే డబ్బు హాయిగా ఖర్చుపెట్టుకుంటున్నాను. ఇంకా పెంచకు.

బొజ్జ మామయ్య

*

జూన్ 2

మామయ్యా,

నీ బొజ్జ సంగతి తెలిసింది.

మీ బ్యారక్‌లో ఉండి మొన్న విడుదలైన క్షవరం మాస్టారు షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. ఏం తెలియనట్టు, "మా మామయ్య బాగున్నాడా?" అని అడిగాను.

"మంచి మనిషమ్మా. కథలు చెబుతాడు. అందరూ వాడి పారేసే సబ్బు ముక్కలు ఏరి ముద్దచేసి వాడుకుంటాడు" అన్నాడు.

"టీ తాగుతాడా?"

"ఎవరైనా పోస్తే."

"కళ్లద్దాలు?"

"ఒక పక్క పుల్ల విరిగిపోయింది. దారం కట్టి చెవికి తగిలించుకుంటాడు."

నెలకి రెండు వేలు పంపుతున్నాను మామయ్యా. నీ కూలి పదిహేను వందలు ఉంది. ఆ డబ్బంతా ఎక్కడికి పోతోంది? పేకాటా? ఎవడికైనా అప్పుపడ్డావా? ఎవడైనా బెదిరించి లాక్కుంటున్నాడా? నిజం చెప్పు. నేను షాఫ్టులో తలకిందులుగా వేలాడి సంపాదించిన డబ్బది.

*

జూన్ 18

అమ్మాయ్,

క్షవరం చేసేవాడు కత్తితో చేసేది సగం, నోటితో చేసేది సగం. ఆ నోటి పనికి పడిపోయావు. సబ్బు ముక్కలు నా పొదుపు. దారం నా ఇష్టం. పేకాట ఆడటానికి నాకు ముక్కలు కనపడాలిగా.

నా లెక్కలు అడిగావు, బాగుంది. మీ అమ్మ పోయాక నన్ను తిట్టే హక్కు వారసత్వంగా నీకే దఖలుపడింది, కాదనను. కానీ నాకూ ఒక ఉత్తరం వచ్చింది. షెడ్డు యజమాని రాశాడు. మూడు నెలల అద్దె బాకీ అట! ఆరు లిఫ్టులు చూశానన్నావు, టీ తెప్పించాడన్నావు. ఆ సంపాదన ఏమవుతోంది? కొత్త మోటార్ సైకిలా? స్నేహితులతో షికార్లా? నేను రెండేళ్లు కదలకుండా కూర్చున్నది నువ్వు షెడ్డు పోగొట్టడానికి కాదు. ఆ అద్దె కట్టు. అప్పటిదాకా నాకు డబ్బు పంపకు.

మామయ్య

*

అక్టోబరు 5

మామయ్యా,

నాలుగు నెలలుగా నీకు ఉత్తరం రాయలేదు. కోపంతోనే. డబ్బు మాత్రం పంపాను, అది కూడా కోపంతోనే.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. తిట్టదలుచుకుంటే చివరిదాకా చదివి తిట్టు.

నేను ఒట్టు తప్పాను. కిందటేడాది జూన్ నుంచి ప్రతి నెలా కోర్టు నగదు కిటికీ దగ్గర నీ కేసు నంబరు మీద రెండు వేలు కడుతున్నాను. పదహారు రసీదులు. మొత్తం ముప్పై రెండు వేలు. షెడ్డు అద్దె ఆగింది అందుకే. మోటార్ సైకిలూ లేదు, మట్టీ లేదు.

కొంత కడితే ఎనిమిది నెలల్లో కొంత తగ్గుతుంది కదా అనుకున్నాను. నువ్వే రాశావుగా! నిన్న కిటికీలో గుమస్తాని అడిగితే నవ్వాడు.

"తగ్గడమేమిటమ్మా? ఇది పరిహారం. పూర్తిగా కడితే కట్టినట్టు. ఒక్క రూపాయి తక్కువైనా కట్టనట్టే. డిసెంబరు పది సాయంత్రానికి మిగతా ఇరవై ఎనిమిది వేలు పడకపోతే, పదకొండు నుంచి ఎనిమిది నెలలు మొదలు."

"మరి కట్టిన ముప్పై రెండు వేలు?"

"ఎక్కడికీ పోవు. ఇక్కడే ఉంటాయి."

అక్కడే ఉంటాయట మామయ్యా, నీలాగే.

ఇరవై ఎనిమిది వేలు నా దగ్గర లేవు. నీకు బీమా పాలసీ ఒకటి ఉండేది కదా, ఆ కాగితాలు ఎక్కడ పెట్టావు? వెంటనే రాయి.

గండుచీమ

*

అక్టోబరు 12

నా తల్లీ,

చివరిదాకా చదివాను. తర్వాత మళ్లీ మొదటి నుంచి చదివాను. తర్వాత బోల్టులు బిగించే రెంచీ పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడ్డాను. మేస్త్రీ వచ్చి, "ఏం పెద్దాయనా, బెంచీ మాట్లాడుతోందా?" అన్నాడు.

బీమా పాలసీ లేదు. లాయరు ఫీజు కింద కరిగిపోయింది. నీకు చెప్పలేదు. కానీ చెప్పనిది అదొక్కటే కాదు.

ఇక్కడ చేరిన రెండో నెలలో లెక్కల గదిలో ఒక ఫారం ఇచ్చారు. కూలిలో సగం పరిహారం కింద కోసుకుంటారు, అది రూలు. ఇంటి నుంచి వచ్చే డబ్బు ముట్టుకోరు, ఖైదీ ఒప్పుకుంటే తప్ప. నేను ఒప్పుకున్నాను. నువ్వు పంపిన రెండు వేలల్లో ప్రతి నెలా వెయ్యి, నా కూలిలో ఏడు వందల యాభై. ఇరవై నెలలుగా. ముప్పై అయిదు వేలు. నీ సబ్బు డబ్బుతోనే నా బాకీ తీరుస్తూ, నీకేమో బొజ్జ పెరిగిందని రాశాను. నీ ఒట్టు మీద నిన్ను నిలబెట్టి, నీ డబ్బే తీసుకెళ్లి కట్టాను. ఇంతకన్నా నీతిమంతుడు ఎక్కడైనా ఉంటాడా?

నా చేతిలో మిగిలినదాంట్లో కూడా కొంత దాచాను. అదేదో ఘనకార్యమని కాదు. నిజం చెప్పడం మొదలుపెట్టాక ఆగడం లేదు.

ఇప్పుడు లెక్క చూడు. నీ ముప్పై రెండు, నా ముప్పై అయిదు. అరవై ఏడు వేలు! బాకీ అరవయ్యే. మనం ఒకరికి తెలియకుండా ఒకరం కట్టీ కట్టీ ఏడు వేలు ఎక్కువే కట్టాం. ఈ ఆనందంలో ఇక్కడి లెక్కల గదికి పరిగెత్తాను. అంటే, అనుమతి అడిగి, వరుసలో నిలబడి, రెండు రోజుల తర్వాత వెళ్లాను. ఇక్కడి పరుగు అదే.

లెక్కలాయన రిజిస్టరు తిప్పాడు. "నీ పేర ముప్పై అయిదు వేలు జమ ఉంది. పరిహారం పూర్తయితే కోర్టుకి పంపుతాం."

"పూర్తయింది కదండీ. మా మేనకోడలు అక్కడ ముప్పై రెండు కట్టింది."

"అది వాళ్ల రిజిస్టరు. మా రిజిస్టరులో పూర్తికాలేదు."

"అయితే ఇప్పటిదాకా ఆ వంట మాస్టారికి ఏమీ చేరలేదా?"

ఆయన తలెత్తి చూశాడు. "ఎలా చేరుతుంది? పూర్తికాలేదని చెబుతున్నానుగా."

గండుచీమా, నాకు ఎనిమిది నెలల మాట కన్నా ఆ మాట గట్టిగా తగిలింది. ఇరవై నెలలుగా, నెలాఖరున నా అకౌంటు చీటీ మీద కోత చూసినప్పుడల్లా, ఈ నెల ఆయనకి మందులకు సరిపోయి ఉంటుంది అనుకుంటూ పడుకున్నాను. ఒక్క పైసా వెళ్లలేదు.

కోర్టు కిటికీకి వెళ్లు. ఇక్కడి ముప్పై అయిదు వేలు తెప్పించుకోమను. ఇంకేం దాచకు. నేనూ దాచను.

మామయ్య

*

అక్టోబరు 29

మామయ్యా,

తిట్టడం తర్వాత. నీ సబ్బు ముద్ద, నా అద్దె బాకీ, రెండూ ఒకదానికొకటి సరి. ఇప్పుడు పని చూద్దాం.

పది రోజుల్లో ఆరుసార్లు కోర్టుకి వెళ్లాను. నగదు కిటికీ మూడో అంతస్తులో. లిఫ్టు ముందు 'మరమ్మతులో ఉంది' అని బోర్డు. నా చేతులు దురద పెట్టాయి, కానీ మెట్లే ఎక్కాను. గుమస్తా ఇప్పుడు నన్ను చూడగానే పెన్ను మూత పెట్టేస్తున్నాడు.

"జైలు దగ్గర డబ్బుంటే జైలు పంపాలి."

"మీరు అడిగితే పంపుతారట."

"మేం అడగాలంటే అర్జీ రావాలి."

"ఇదిగో, రాసి తెచ్చాను."

"నువ్వు పెట్టకూడదమ్మా. బాకీ ఉన్నవాళ్లు పెట్టే అర్జీ లేదు. డబ్బు రావాల్సినవాడు పెట్టాలి. నా సొమ్ము ఇన్నాళ్లూ ఎక్కడుంది, తెప్పించండి అని ఆయన అడిగితే, వారంలో కదులుతుంది."

"అంటే వంట మాస్టారా?"

"ఆయన ఎవరో నాకు తెలీదు. కాగితంలో ఎవరుంటే వాళ్లు."

బల్ల మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను. వెనక వరుసలో ఎవరో, "అమ్మా, నిద్రపోయావా?" అన్నారు. నిద్ర కాదు మామయ్యా. నువ్వు కాలు విరగ్గొట్టిన మనిషి కాళ్లు పట్టుకుంటే తప్ప నువ్వు బయటికి రావు. అది అర్థం కావడానికి ఆ మాత్రం టైము పట్టింది.

వెళ్తున్నాను. వద్దని రాయకు, ఉత్తరం అందేలోపు వెళ్లి వచ్చేస్తాను.

గండుచీమ

*

నవంబరు 8

మామయ్యా,

వెళ్లాను.

ఆయన ఇప్పుడు హాస్టల్లో లేడు. పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడలేడు కదా. ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ వెనక గదిలో స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. పక్కన గోడకి చంకకర్ర. ఒకప్పుడు మూడు వందల మందికి వండిన మనిషి. ఇప్పుడు ఎవరో చెప్పిన సైజులో ముక్కలు కోస్తున్నాడు.

"ఎవరమ్మా?"

"లిఫ్టు మెకానిక్ మేనకోడల్ని."

కత్తి ఆగలేదు. "ఏం కావాలి? రెండో కాలా?"

అక్కడున్న ఖాళీ డబ్బా బోర్లించి కూర్చున్నాను. ఆయనే అన్నాడు:

"మీ మామయ్య గట్టివాడమ్మా. డబ్బు కట్టడం కన్నా జైల్లో కూర్చోవడమే చవక అనుకున్నాడట. నేను కోర్టుకి వెళ్లి అడిగితే 'ఆయన కట్టలేదు' అన్నారు. రెండుసార్లు అడిగాను. మూడోసారి ఆ మెట్లు ఎక్కలేకపోయాను."

పదహారు రసీదులూ తీసి బల్ల మీద పరిచాను. నీ ఉత్తరంలో లెక్క ఉన్న పేజీ పక్కన పెట్టాను. ఆయన చేతులు తుడుచుకుని ఒక్కొక్క రసీదే తిప్పి చూశాడు.

"ఇవన్నీ నా డబ్బులా?"

"మీవే."

"నేను ఒక్క నోటూ చూడలేదే?"

"మేమూ ఇప్పుడే చూశాం, మీకు చేరలేదని."

ఉల్లిపాయల వల్లో ఏమో, ఇద్దరం కాసేపు కళ్లు తుడుచుకున్నాం. అర్జీ సంగతి చెప్పాను. పూర్తిగా విన్నాడు. తర్వాత అన్నాడు:

"పెడతాను. నా డబ్బు నాకు కావాలి. కానీ ఒక మాట. ఆ రోజు కోర్టులో లాయరు గంటసేపు మాట్లాడాడు. తాడు కంపెనీ తప్పన్నాడు, కరెంటు తప్పన్నాడు, నేను గిన్నెలు ఎక్కువ పెట్టానన్నాడు. మీ మామయ్య నోరు విప్పలేదు. ఆయన పైకి ఎక్కి తాడు చూశాడా, లేదా? అది ఆయన చేత్తో రాసి పంపమను. లాయరు రాసింది కాదు. అది వచ్చిన రోజు నేను సంతకం పెడతాను."

లాయరుకి ఫోన్ చేశాను. "పొరపాటున కూడా రాయించకండి. అప్పీలు పెండింగులో ఉంది. ఆ ఒక్క కాగితంతో అది గోవిందా" అన్నాడు. అప్పీలు గెలిస్తే శిక్షే కొట్టేస్తారట, పేరు మీద మచ్చ పోతుందట. ఎప్పుడు వస్తుందంటే మాత్రం చెప్పలేడు.

నువ్వే చెప్పు. నేను బలవంతం చెయ్యను.

గండుచీమ

*

నవంబరు 16

గండుచీమకు,

ఆయనకి రాసిన ఉత్తరం ఇందులోనే పెట్టాను. నువ్వూ చదువు. గుమస్తాగారు ఎలాగూ చదివారు. మీ ఇద్దరి దగ్గరా ఇంక దాపరికం ఎందుకు.

అయిదు వాక్యాలు. నా జన్మలో ఇంత పొట్టి ఉత్తరం రాయలేదు. ఆరు రోజులు పట్టింది. మొదటి రోజు నాలుగు పేజీలు రాశాను. అందులో నా చిన్నతనం ఉంది, మా మేస్త్రీ ఉన్నాడు, నలభై ఏళ్లలో ఒక్క ప్రమాదం జరగలేదన్న గొప్ప ఉంది, ఆ నెల నాకు నడుం నొప్పిగా ఉందన్న సంగతి కూడా ఉంది. చదివితే కాలు విరిగింది నాకే అనిపించింది. చింపేశాను. రోజుకొక పేజీ చొప్పున తగ్గుతూ వచ్చి, చివరికి ఇది మిగిలింది:

"అయ్యా, ఆ రోజు నేను పైకి ఎక్కలేదు. మిషను గదికి ముప్పై ఎనిమిది మెట్లు. కింద కూర్చుని టీ తాగి, లిఫ్టు బాగుందని సంతకం పెట్టాను. ఎక్కి ఉంటే తాడు నలిగిన చోటు కనపడేది. తప్పు మీ గిన్నెల బరువుది కాదు, నాది."

అప్పీలు పోతే పోనీ. మచ్చ పోవాలంటే మచ్చ లేదని చెప్పించుకోవాలి. ఉన్నదాన్ని లేదనిపించుకోవడానికి మళ్లీ లాయరుకి ఫీజు ఎందుకు దండగ?

ఆయన ఇది చదివాక సంతకం పెట్టనన్నా నువ్వేం అనకు. రసీదులు తీసుకుని నమస్కారం పెట్టి వచ్చెయ్యి. ఎనిమిది నెలలు పెద్ద లెక్క కాదు. కానీ పెడితే మాత్రం ఒక్క రోజు ఆలస్యం చెయ్యకు, డిసెంబరు పది దగ్గరికొచ్చేసింది.

మామయ్య

*

డిసెంబరు 3

మామయ్యా,

పెట్టాడు.

నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అరగంట ఉల్లిపాయలు తరిగాడు. తర్వాత, "ముప్పై ఎనిమిది మెట్లా?" అన్నాడు. "అవును" అన్నాను. "కోర్టుకి అరవై రెండు. రేపు పొద్దున్నే రా, నెమ్మదిగా ఎక్కాలి" అన్నాడు.

మర్నాడు వెళ్లాం. కోర్టు లిఫ్టు ఆశ్చర్యంగా ఆ రోజు పనిచేస్తోంది. ఆయన దానివంక చూడనుకూడా లేదు. "నేను ఇంక ఏ లిఫ్టూ ఎక్కనమ్మా" అన్నాడు. నా బతుకుతెరువే లిఫ్టు. అరవై రెండు మెట్లు, నాలుగు చోట్ల ఆగి ఎక్కాం. పైన కిటికీ దగ్గర గుమస్తా నన్ను చూసి అలవాటుగా పెన్ను మూత పెట్టాడు. నేను పక్కకి తప్పుకున్నాను. వంట మాస్టారు చంకకర్ర కిటికీ చువ్వలకి ఆనించి, "నా సొమ్ము ఎక్కడుంది బాబూ?" అన్నాడు. గుమస్తా పెన్ను మూత తీశాడు.

నిన్న జడ్జిగారి ముందుకి వచ్చింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టించి, "అరవై ఏడు వేలు వసూలుచేసి బాకీ తీరలేదంటారేమిటి?" అని అడిగారు. పరిహారం చెల్లినట్టే అని ఆర్డరు. జైలు వెంటనే డబ్బు పంపాలి, ఎక్కువైన ఏడు వేలు నీకు తిరిగివ్వాలి.

ఆర్డరు కాపీ టైపు కావాలట. అదొక్కటే మిగిలింది. అది చేతికొచ్చేదాకా నేను కోర్టు బెంచీ మీద కూర్చునే ఉంటాను.

గండుచీమ

*

డిసెంబరు 11

గండుచీమకు,

నిన్న నా విడుదల తారీకు. పొద్దున్నే గడ్డం గీసుకుని, గుడ్డలు మడతపెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం వార్డరు వచ్చి, "కాపీ రాలేదు పెద్దాయనా" అన్నాడు. ఈరోజు నుంచి ఆ ఎనిమిది నెలల్లో మొదటి రోజు. తీరిపోయిన బాకీకి జైలు. ఇది ఎవరి రిజిస్టరులో రాస్తారో తెలుసుకోవాలని ఉంది.

నేను ఒక పని చేశాను. సూపరింటెండెంటుకి అర్జీ పెట్టాను, ఈ రోజు నుంచి నేను ఉండే ప్రతి రోజూ విడిగా లెక్క రాయమని. "రాస్తే ఏం వస్తుందయ్యా?" అన్నారు. "రాయకపోతే జరగలేదంటారు, నాకు ఆ అనుభవం ఉందండి" అన్నాను. రాశారు. సంతకం పెట్టేముందు ఆ పేజీ పైనుంచి కింద దాకా చదివాను.

నువ్వు బెంచీ మీద నుంచి లేవకు.

మామయ్య

*

డిసెంబరు 14

మామయ్యా,

కాపీ వచ్చింది! టైపిస్టు సెలవులో ఉంటే, ఆమె ఇంటి అడ్రసు కనుక్కుంటానని అన్నాను. సాయంత్రానికి ఇంకొకరితో కొట్టించారు. నకలు తీసుకుని నేనే జైలు ఆఫీసుకి వచ్చి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. నిన్ను చూడనివ్వలేదు, ములాఖత్ రోజు కాదట. గోడ అవతలే ఉన్నావు.

అక్కడి కాగితాలు తేలడానికి ఇంకో ఆరు రోజులట, విడుదల ఇరవయ్యో తారీకు, పదకొండు గంటలకి. నేను గేటు దగ్గర ఉంటాను.

ఒక చిక్కు. వంట మాస్టారికి కోర్టులో డబ్బు ఇచ్చేది కూడా ఇరవయ్యో తారీకే, పదిన్నరకి, అదే మూడో అంతస్తులో. ఆరోజు తప్పితే మళ్లీ జనవరి ఆఖరున. ఆయన్ని అడిగాను. "నువ్వు మీ మామయ్య దగ్గరికి వెళ్లమ్మా. రెండేళ్లు ఆగాను, ఇంకో నెల ఆగలేనా?" అన్నాడు. ఒక్కడే ఆ మెట్లు ఎక్కలేడు. కానీ నేను గేటు దగ్గరికే వస్తాను మామయ్యా. రెండేళ్లయింది నిన్ను చూసి. జనవరిలో ఆయన్ని తీసుకెళ్తాను, ఒట్టు.

గండుచీమ

*

డిసెంబరు 16

గండుచీమకు,

నీ ఒట్ల సంగతి నాకు తెలుసు. వద్దు.

ఇరవయ్యో తారీకున నువ్వు గేటు దగ్గరికి రావద్దు. తొమ్మిదిన్నరకల్లా క్యాంటీన్‌కి వెళ్లు. ఆయన చంకకర్ర లేని వైపు నిలబడు. అరవై రెండు మెట్లు, తొందరపెట్టకు. ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లు ఆగు. పదిన్నర దాటితే కిటికీ మూసే ఆలోచనలో ఉంటారు. నువ్వక్కడుంటే మూయరు. డబ్బు ఆయన చేతిలో పడాలి, కవరులో కాదు, చేతిలో. లెక్కపెట్టుకోమను. అరవై వేలు పూర్తిగా ఉన్నాయని ఆయన నోటితో అనాలి. ఆ మాట నువ్వు వినాలి. నాకు చెప్పాలి. అది వింటేనే నేను విడుదలైనట్టు.

ఎక్కువైన ఏడు వేల గురించి ఇక్కడి లెక్కలాయన ఆరు నెలల తర్వాత కనపడమన్నారు. కనపడతాను. పెన్ను మూత తీసేదాకా కనపడతాను. ఇద్దరం వెళ్దాం, నీకు అనుభవం ఉంది. వచ్చాక మొదటి పని షెడ్డు అద్దె.

నా కోసం బెంగపెట్టుకోకు. బస్సు ఎక్కడ ఎక్కాలో తెలుసు, దారి తెలుసు, టికెట్టుకి డబ్బు దాచుకున్నాను. ఇంటి తాళం నీ దగ్గరే ఉంటుంది కాబట్టి నేనే ముందు చేరతాను. చేరితే ఏం? రెండేళ్లు తాళానికి లోపల కూర్చున్నవాణ్ణి, ఒక పూట తాళానికి బయట కూర్చోలేనా?

మామయ్య